పాదులకు నైలాన్ వల: రెండు వర్షాకాలాలు వాడి చూశాక

శ్రీకాకుళంలో మా ఇంటికి పెరడంటే ప్రహరీ వెంబడి ఉన్న నాలుగడుగుల మట్టే. ఒకప్పుడు అక్కడ మా అత్తయ్య వేయించిన వెదురు పందిరి ఉండేది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను దాన్ని బొంగులతో సహా లేపి పక్కవాళ్ల దొడ్లో పడేసింది. మళ్లీ పందిరి వేస్తే బట్టలు ఆరేయడానికి కూడా చోటుండదు. అందుకే పాదులను గోడలా నిలువుగా పాకించాలని పట్టుబట్టాను.

మొదట ఇక్కడే ఒక దుకాణంలో ఆకుపచ్చ ప్లాస్టిక్ వల కొన్నాను. అంగుళం కన్ను. పాదులకు ఇదే వాడతారని నమ్మకంగా చెప్పి ఇచ్చారు. బీరపిందె ఒకటి ఆ కన్నులో దూరి అక్కడే ఊరింది. ఇవతల కొంత, అవతల కొంత, నడుమ మొలతాడు బిగించినట్లు నొక్కు. ఎటు లాగినా రాలేదు. చివరికి వలనే కత్తిరించాను.

నిరుడు ఫోనులో చూసి తెప్పించుకున్న తెల్ల నైలాన్ వల గురించే ఇదంతా. 6 అడుగుల ఎత్తు, 15 అడుగుల పొడవు, 310 రూపాయలు. కన్ను 4 అంగుళాలు. ఆ 4 అంగుళాల కోసమే దీన్ని కొనమంటాను. చెయ్యి సులువుగా దూరుతుంది, అవతలి వైపు కాయను ఇవతల నుంచే కోసుకోవచ్చు. బీరకాయలు వంకర లేకుండా నిటారుగా దిగుతున్నాయి. వాన వెలిసిన గంటకే ఆకులు ఆరిపోతున్నాయి. నేల మీద పాకినప్పుడు తడి మట్టి తగిలి కుళ్లిన కాయలు ఎన్నో! ఇప్పుడా బాధ లేదు.

లోపం ఉన్నది తాడులో. వలతో పాటు ఇచ్చే సన్నని తాడును అసలు నమ్మవద్దు. ఆనప, బీర కలిసి కాపు పట్టేసరికి అది సాగి, వల మధ్యలో పొట్టలా జారింది. నేను రెండు ఇనుప గొట్టాలను రెండేసి అడుగుల లోతున పాతించి, పై వరుస కన్నుల గుండా జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) ఎక్కించి లాగి కట్టాను. ఆ తర్వాత బెత్తెడు కూడా జారలేదు.

ఈ అక్టోబరులో వాయుగుండం పట్టిన రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి చూశాను. గుమ్మడి నులితీగ వలను నాలుగు చుట్లు చుట్టుకుని, మిగతాదంతా స్ప్రింగులా మెలిపడి ఉంది. గాలి విసిరినప్పుడు సాగుతోంది, తగ్గగానే తీగను మళ్లీ దగ్గరకు లాక్కుంటోంది. పురికొసతో మనం కట్టే ముడికి ఆ పట్టువిడుపు ఎక్కడిది? పైగా గాలి కన్నుల్లోంచి వెళ్లిపోతుంది కనుక వల ఎదురు నిలవలేదు. తెల్లారాక చూస్తే నాలుగాకులు చిరిగాయి, అంతే.

గుమ్మడి వేసేవారికి ఒక మాట. పువ్వు తెల్లవారుజామున విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. తేనెటీగలు రాని ఇళ్లలో అప్పుడే మగపువ్వు తుంచి, కింద పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దాలి. కాయ కొబ్బరికాయంత కాగానే పాత నేతచీర ముక్కతో జోలె కట్టి, దాని కొసలు పైనున్న జీఐ తీగకు ముడివేయాలి. వలకు ముడివేస్తే కన్ను సాగుతుంది.

కాపయ్యాక పచ్చి తీగలను పీకితే వల తెగుతుంది. మొదలు కోసి రెండు వారాలు వదిలేస్తే ఎండి, చేత్తో నలిపితే రాలిపోతాయి. నిరుడు అలా దులిపి, చుట్టి, ఎండ తగలకుండా అటక మీద పెట్టిన వలనే ఈ ఏడూ కట్టాను. ఒక్క పోగూ పెళుసెక్కలేదు.

ఇప్పుడు దాని మీద మూడు కిలోల గుమ్మడికాయ ఒక్కటే మిగిలింది. ఆవపెట్టి వండమని ఇంట్లో రోజూ అడుగుతున్నారు. తొడిమ ఎండేదాకా కోయనని చెప్పేశాను.