సెకండ్ హ్యాండ్ సర్వర్ కొనేవాళ్లూ, ముందు దాని గడియారం చూడండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఎవరైనా షాపుకి రీఫర్బిష్డ్ సర్వర్ కొనే ఆలోచనలో ఉంటే డబ్బు కట్టేముందు ఇది చదవండి. మా మందుల హోల్‌సేల్ షాపుకి బరంపురంలో ఒకతని దగ్గర తీసుకున్నాం, పేరు రాయను. డెమో బ్రహ్మాండంగా ఇచ్చాడు. ఇక్కడికొచ్చాక కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. నెట్ వచ్చి సరిచేసుకునేలోపు పడ్డ బిల్లులన్నీ పాత తేదీతోనే. మందుల షాపులో ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి, ఎక్స్‌పైరీ అయిపోయిన స్ట్రిప్పుని కూడా సాఫ్ట్‌వేర్ ఇంకా టైముంది అనుకుని బిల్లులోకి తీసుకుంటుంది!

ఫోన్ చేస్తే "నెట్ పెట్టండి సార్, అదే సెట్ అవుతుంది" అంటాడు. డెమోలో జరిగిందీ అదే, నెట్ కేబుల్ పెట్టే ఉంచాడు కాబట్టి ఎన్‌టీపీ (నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకునే పద్ధతి) టైమ్ సరిచేసేసి లోపల బ్యాటరీ చచ్చిన సంగతి కనపడనివ్వలేదు. తర్వాత పంపిన టెక్నీషియన్ చిన్న బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, మార్చి విజిట్ ఛార్జి తీసుకుని బయాస్‌లో (మిషన్ ఆన్ చేయగానే తెరవగలిగే బోర్డు సెట్టింగుల్లో) మన టైమే పెట్టి పోయాడు. మా సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్. అది బోర్డు గడియారాన్ని యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, దానికి ఐదున్నర గంటలు కలుపుతుంది, అంటే నెట్ లేకుండా స్టార్ట్ అయితే సాయంత్రం ఆరున్నర దాటాక కొట్టిన బిల్లు మీద రేపటి తేదీ!

ఇంకోటి, నడుస్తుండగా టైమ్ జరిగిపోతుంటే దానికీ బ్యాటరీదే తప్పని చెబుతారు, నమ్మకండి. బ్యాటరీ పని మిషన్‌కి కరెంటు అందనప్పుడే. నడుస్తున్నప్పుడు తేడా వస్తే లైనక్స్‌లో టైమ్ సరిచేసే క్రోనీ సర్వీసు ఆడుతోందా, రౌటర్‌లో ఎన్‌టీపీ వాడే దారి, యూడీపీ 123 పోర్టు, మూసేశారా, అవి చూడాలి. క్రోనీ బదులు పాత ఎన్‌టీపీడీ ప్రోగ్రాం అయితే తేడా 1000 సెకన్లు దాటితే, మొదట్లో ఒకసారి సర్దుకోమని ఆప్షన్ ఇవ్వకపోతే, సరిచేయకుండా ఆగిపోతుంది. విండోస్ డొమైన్‌లో (కంప్యూటర్లన్నీ ఒకే సర్వర్ ద్వారా లాగిన్ అయ్యే ఏర్పాటులో) మామూలుగా ఐదు నిమిషాలు తేడా వస్తే చాలు, లాగిన్‌లు తిరగబడతాయి.

కొనేటప్పుడు పరీక్ష సులువే. సర్వర్‌కి రెండు పవర్ సప్లైలు ఉంటే రెండు తీగలూ పీకించండి, ఒక్కటి ఉన్నా స్టాండ్‌బై కరెంటుతో గడియారం నడిచిపోతుంది, బ్యాటరీ బండారం బయటపడదు. రాత్రంతా అలా వదిలేసి, పొద్దున నెట్ కేబుల్ లేకుండా ఆన్ చేయించి బయాస్‌లో తేదీ, టైమ్ చూడండి. రాత్రంతా ఎందుకని అమ్మేవాడు విసుక్కుంటే అక్కడే లేచి వచ్చేయండి.

బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు రాయించుకోండి. మాకిచ్చిన కాగితంలో "కంప్యూటర్ ఒకటి" అని మాత్రమే ఉంది, ఇప్పుడేమో ఆ బోర్డు తను అమ్మినదే కాదంటున్నాడు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాం, చూడాలి.