ఐపీలు చాలట్లేదా? లీజు తగ్గించాలా, మాస్క్ మార్చాలా, కొత్త వీలాన్ వేయాలా?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు హాస్టళ్లు, లాడ్జీలు నడిపేవాళ్లు తరచూ అడిగేది ఒకటే: వైఫై సిగ్నల్ నిండుగా ఉంది, ఫోన్ మాత్రం ‘ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే నంబరు) తీసుకుంటోంది’ దగ్గరే ఆగిపోతోంది, ఏది మారిస్తే మేలు?

ముందుగా, రాత్రి తొమ్మిదింటికి డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే ఏర్పాటు) గడువు పెట్టి ఇచ్చిన అడ్రసులు, అంటే లీజులు, ఎన్నో, ఆ క్షణాన కనెక్ట్ అయి ఉన్న ఫోన్లెన్నో పక్కపక్కన పెట్టి చూడండి. లీజులు 250, ఫోన్లు 90 అయితే, ఖాళీ చేసి వెళ్లినవాళ్ల పేరిటే అడ్రసులు ఇరుక్కున్నాయన్నమాట. లాడ్జీల్లో జరిగేది ఇదే. 24 గంటల లీజును రెండు గంటలు చేయండి, పైసా ఖర్చు లేదు. పాత లీజులు గడువు తీరేదాకా పోవు కాబట్టి ఫలితం మర్నాటికి గానీ తెలియదు. అడ్రసులిచ్చే సర్వర్ హెడ్డాఫీసులో ఉంటే మరీ అరగంటకు దించకండి. వానకు లింకు పోతే లీజు పొడిగించుకోలేక ఫోన్ల అడ్రసులు పోతాయి, లోపలి ప్రింటర్ కూడా అందదు.

రెండు లెక్కలూ దగ్గరగా ఉంటే పూల్ (పంచడానికి ఉన్న అడ్రసుల మొత్తం) నిజంగానే చిన్నది. మాస్క్‌ను (నెట్‌వర్క్‌లో ఎన్ని అడ్రసులు పడతాయో తేల్చే సంఖ్యను) 255.255.254.0 చేస్తే 254 కాస్తా 510 అవుతాయి, వినడానికి సులువే. కానీ 192.168.10 రేంజి 11ను కూడా కలిపేసుకుంటుంది. ఆ 11ని ఇంకో బ్రాంచికి ఇచ్చేసి ఉంటే వీపీఎన్‌లో (బ్రాంచీలను కలిపే ప్రైవేటు లింకులో) గొడవ. మీది 11 అయితే పైకి పెరగదు, కిందకి 10లోకి దిగుతుంది. చేత్తో ఐపీ వేసిన ప్రింటరు, డీవీఆర్ (సీసీ కెమెరాల రికార్డర్) పాత మాస్క్‌తోనే ఉండిపోతాయి, కొత్త సగంలోని ఫోన్లకు సరిగా జవాబివ్వకపోవచ్చు. రాయగడలో కూర్చుని పర్లాకిమిడి రౌటర్‌ని మారుస్తుంటే మధ్యలో లింకు తెగిందా, ఇక బస్సెక్కాల్సిందే. దూరపు సైటుకు నేను చూసేది ఇదొక్కటే: తేడా వస్తే కుర్చీలోంచి లేవకుండా వెనక్కి తిప్పగలమా?

అందుకే హాస్టళ్లకైతే నా ఓటు కొత్త వీలాన్‌కే (అదే వైర్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్). ఫోన్ల ఎస్ఎస్ఐడీని (వైఫై పేరును) అందులో వేసి, 10.20.0.0 రేంజిని 255.255.252.0 మాస్క్‌తో ఇస్తే 1,022 అడ్రసులు. పాత నెట్‌వర్క్‌ని ముట్టుకోనక్కర్లేదు. పని చేయకపోతే ఎస్ఎస్ఐడీని పాత వీలాన్‌కి తిప్పేయడమే. అయితే ఫ్లోర్‌కో ఎస్ఎస్ఐడీ పెట్టకండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో పేరుకి ఒక్కో మ్యాక్ (పరికరం గుర్తింపు నంబరు) చూపిస్తాయి, మూడు ఫ్లోర్లు తిరిగితే ఒకే ఫోను మూడు అడ్రసులు తినేస్తుంది.

యాక్సెస్ పాయింట్‌లోనే (వైఫై ఇచ్చే పెట్టెలోనే) నాట్ (ఫోన్లన్నిటినీ ఒకే అడ్రసు వెనక నడిపే పద్ధతి) పెట్టడం చిన్న టీ కొట్టుకు సరిపోతుంది, అంతే.

వీలాన్‌కి మేనేజ్‌డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగల స్విచ్) తప్పనిసరి. వార్డెన్ బల్ల కింద ఎవరో పెట్టేసిన ఐదు పోర్టుల మామూలు స్విచ్ ఉంటే ట్యాగులు (ఏ వీలాన్‌దో చెప్పే గుర్తులు) దాటతాయన్న నమ్మకం లేదు. మొదలుపెట్టేముందే అక్కడివాళ్లతో ఫొటో తీయించి తెప్పించుకోండి.