వరస వానల్లో కొండ పరుగు: తేలికపాటి మూడు పొరల రెయిన్ జాకెట్, కొన్నేళ్ల వాడకం తర్వాత

వాన ఆగకుండా పడుతుంటే ఏ జాకెట్టూ పరిగెత్తే మనిషిని పొడిగా ఉంచలేదు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే షాపులో లేబుల్ చదివి కొనేవాళ్లు ఆశించేది సరిగ్గా అదే. నాది మూడు పొరల రకం, అంటే బయటి గుడ్డ, మధ్యలో నీటిని ఆపే పొర, లోపల సన్నటి అస్తరు కలిపి అతికించినది. బరువు 200 గ్రాముల లోపే. కుట్లలోంచి నీళ్లు దూరకుండా అన్నిటికీ లోపలివైపు టేపు వేసి ఉంటుంది. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా జాకెట్ దేనికైనా ఇక్కడ చెప్పేది వర్తిస్తుంది.

ఉద్యోగం ఉత్తర ఇంగ్లండ్‌లో కావడంతో దీన్ని ఎక్కువగా వాడింది అక్కడి కొండలు, సరస్సుల ప్రాంతమైన లేక్ డిస్ట్రిక్ట్‌లో, పెన్నైన్ వే, స్కాట్లండ్‌లోని వెస్ట్ హైలాండ్ వే అనే రోజుల తరబడి సాగే కాలిబాటల మీద. ఒక పూట పరిగెత్తి ఇంటికొచ్చి వేడినీళ్లు పోసుకునే రకం పరుగు కాదు. తడిసిన బట్టలతోనే మర్నాడు మళ్లీ బయల్దేరాల్సిన పరుగు. లేక్ డిస్ట్రిక్ట్‌లో సీత్‌వెయిట్ అనే చిన్న ఊరుంది. ఇంగ్లండ్‌లో మనుషులుండే చోట్లలో అన్నిటికంటే ఎక్కువ వాన అక్కడే, ఏడాదికి 3,000 మి.మీ. పైమాటే. దానికి దగ్గర్లోని హోనిస్టర్ కనుమలో 2015 డిసెంబరులో, డెస్మండ్ తుఫాను సమయంలో, 24 గంటల్లో 341.4 మి.మీ. కురిసింది. అలాంటి కుంభవృష్టి మనకి కొత్తేం కాదు. మన దగ్గర వానలో తడిస్తే బట్టలు మార్చుకుంటాం, అంతే. అక్కడ ఐదారు డిగ్రీల చలిలో సన్న జల్లు గాలితో కలిసి అడ్డంగా కొడుతుంది. కాలికి దెబ్బ తగిలి నడక మొదలుపెడితే చాలు, కాసేపట్లోనే వేళ్లు కొంకర్లు పోతాయి, జిప్ లాగడం కూడా చేతకాదు.

జాకెట్ పనికొచ్చేది ఆ సమయంలోనే. ఒంటికి తగిలే గాలిని ఆపి, లోపలి తడిని గోరువెచ్చగా ఉంచుతుంది. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగులో ఉన్నట్టుండి గాలివాన, వడగళ్లు వచ్చి 21 మంది చనిపోయారు. చాలామంది ఒంటిమీద ఉన్నవి పల్చటి టీషర్టు, నిక్కరు. గాలిని ఆపే జాకెట్ ఆ పోటీలో తప్పనిసరి వస్తువు కాదు. బ్రిటన్‌లో చాలా కొండ పోటీల్లో, టేపు వేసిన కుట్లు, హుడ్ ఉన్న జాకెట్ బ్యాగులో ఉందో లేదో మొదట్లోనే తీయించి చూస్తారు. చాదస్తంగా కనిపిస్తుంది గానీ, కాదు.

ఇక లేబుల్ మీది అంకెలు. 20,000 మి.మీ. అని ఉంటే, 20 మీటర్ల ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడిని గుడ్డ తట్టుకుంటుందని అర్థం. ఇందులో అబద్ధం లేదు, బయటి నీళ్లు నిజంగానే లోపలికి రావు. తంటా అంతా చెమటతోనే. లోపల వేడి, ఆవిరి ఎక్కువగా ఉండి బయట తక్కువగా ఉంటేనే చెమట ఆవిరి బయటికి పోతుంది. బయట గాలి తడితో నిండిపోయి, పై గుడ్డ కూడా నానిపోతే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఎత్తు ఎక్కుతూ పరిగెత్తేవాడికి గంటకి లీటరు దాకా చెమట పట్టొచ్చు. ఆ లీటరంతా ఎటు పోతుంది? రెండో రోజు మధ్యాహ్నానికల్లా మోచేతుల దగ్గర నీళ్లు చేరతాయి. జాకెట్ కారుతోందని కంగారుపడక్కర్లేదు, అది మన చెమటే.

పై గుడ్డ నానకుండా చూసేది దానికి పూసిన నీరంటని పూత. కొత్తలో వానచినుకులు తామరాకు మీద నీళ్లలా జారిపోతాయి. బ్యాగు పట్టీలు రాసుకునే భుజాల దగ్గర ఆ పూత ముందు పోతుంది. ఇదివరకు ఈ పూతల్లో ఫ్లోరిన్ రసాయనాలు వాడేవాళ్లు. అవి ప్రకృతిలో ఎన్నేళ్లయినా నశించవని ఇప్పుడు మానేస్తున్నారు. మంచిదే. కాకపోతే కొత్త పూతలు ఒంటి జిడ్డుకి తొందరగా లొంగిపోతాయి కాబట్టి ఉతుకు ఎక్కువ కావాలి. మామూలు సర్ఫ్ పనికిరాదు, అది గుడ్డలో మిగిలిపోయి నీటిని పట్టుకుంటుంది. ఇలాంటి బట్టల కోసమే వచ్చే సబ్బుద్రావణంతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్లో సన్నని వేడి మీద ఆరబెడితే పూతకి మళ్లీ ప్రాణం వస్తుంది. నా జాకెట్‌కి ఇది బాగా పనిచేసింది. భుజం దగ్గర టేపు లేచిపోయినప్పుడు తయారీదారుకి రాస్తే వారంటీ దాటిపోయిందన్నారు. జిగురు కొని నేనే అంటించాను, అప్పట్నుంచీ కదల్లేదు.

కొనేవాళ్లకి ఒక్క సలహా ఇవ్వమంటే, ఒక సైజు పెద్దది తీసుకోండి, బ్యాగు మీదుగా వేసుకోండి. పట్టీలు రాసుకోవు, బ్యాగులోని తిండీ పొడిబట్టలూ తడవవు, వీపు దగ్గర కాస్త గాలాడుతుంది. గూనివాడిలా కనిపిస్తాం. కొండమీద చూసేవి గొర్రెలే కదా. హుడ్ అంచుకి సన్నటి తీగ ఉండాలి, లేకపోతే గాలికి కళ్లమీద పడుతుంది. అడుగుదాకా తెరుచుకునే జిప్పే మేలు, చేతులు మొద్దుబారినప్పుడు తలమీదుగా లాక్కోవడం నరకం.

జాకెట్ ఎంత మంచిదైనా పరుగు మధ్యలో మానేయించేది మాత్రం పాదాలే. నీరు చొరని బూట్లు ఇలాంటి దారులకి దండగ. వాగు దాటితే నీళ్లు పైనుంచి దిగి అక్కడే నిలిచిపోతాయి. పల్చటి జాలీ బూట్లైతే నాలుగడుగుల్లో కారిపోతాయి. నాట్లు వేసే రోజుల్లో బురదలో నిలబడ్డవాళ్లకి వేళ్ల సందులు పాసిపోవడం మనం చూసిందే. ఇక్కడ జరిగేదీ అదే, పైగా దాని మీద కిలోమీటర్ల కొద్దీ రాపిడి. పొద్దున ఉన్ని మేజోళ్ల కింద జిడ్డు క్రీము మందంగా రాస్తాను. రాత్రి పాదాలు పూర్తిగా ఆరనిచ్చి, నిద్రకి మాత్రమే దాచుకున్న పొడి మేజోళ్లు వేసుకుంటాను. పొద్దున వాటిని విప్పి చల్లటి తడి మేజోళ్లు మళ్లీ తొడుక్కోవాలంటే ఏడుపొస్తుంది. కానీ ఆ పొడి జతతో బయల్దేరితే పదినిమిషాల్లో అదీ తడుస్తుంది, ఆ రాత్రికి ఇక ఏమీ మిగలదు.

తెలుగు రాష్ట్రాల్లో ఉండి, వానాకాలంలో అరకు వైపో పడమటి కనుమల్లోనో పరిగెత్తేవాళ్లకి ఇంత ఖరీదైన జాకెట్ అవసరమని నేను అనను. ఇరవై డిగ్రీల పైన దీన్ని వేసుకుంటే లోపల ఉడికిపోతాం. గాలిని ఆపే 100 గ్రాముల పల్చటి జాకెట్, నీళ్లు చొరని సంచిలో ఒక పొడి చొక్కా ఉంటే అక్కడికి సరిపోతుంది. హిమాలయాలకో యూరప్‌కో వెళ్తుంటే మాత్రం ఈ రకమే కొనండి. పాత మోడల్ తగ్గింపులో దొరికితే ఆలోచించకుండా తీసుకోండి, సబ్బుద్రావణం సీసా కూడా అప్పుడే కొనేయండి.