ఇంటి ఏడాదికి 8×24 ఆల్బమ్: పెళ్లి సైజు కన్నా ఇదే మేలు

హన్మకొండలోగాని వరంగల్‌లోగాని ఆల్బమ్ చేయించాలని అడిగితే ముందుగా చేతికి ఇచ్చేది 12×36. విప్పితే 36 అంగుళాల వెడల్పు, మూస్తే 12×18. పెళ్లికి ఆ సైజు బాగుంటుంది, ఎందుకంటే అక్కడ ఫొటోలన్నీ పెద్ద కెమెరాతో తీసినవి. ఇంట్లో ఏడాది పొడవునా ఫోన్లలో పోగైన ఫొటోల సంగతి వేరు. పాప మొదటి అడుగు, జూన్‌లో బడి మొదటి రోజు, ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాల పక్కన నిలబడ్డ బాపు, బోనం ఎత్తుకున్న చిన్నమ్మ, దసరా నాడు నాయనమ్మ చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కుతున్న మనుమడు. వీటన్నిటినీ ఒక్క పుస్తకంలోకి తేవాలంటే 8×24 అడగండి. అదే ల్యాబు, అదే పేపరు, ఫలితం మాత్రం చాలా మెరుగు.

లెక్క చూడండి. 8×24 మూస్తే పేజీ 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు. ఫోన్ నిలువుగా పట్టి తీసిన ఫొటో కొలత 3:4. అలాంటివి రెండు పక్కపక్కన పెడితే ఒక్కోటి 6×8 వచ్చి పేజీ నిండుతుంది, అంచులు ఏమీ కోయక్కర్లేదు. మామూలుగా వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకు పొడవు వైపు 1600 పిక్సెళ్లే ఉంటాయి. 8 అంగుళాలకు అది సరిగ్గా 200 డీపీఐ (అంగుళానికి 200 పిక్సెళ్లు), అంటే చేతిలో పట్టుకుని చూసినా శుభ్రంగా కనిపిస్తుంది. అదే ఫొటోను 12×36 పేజీ వెడల్పుకు సాగదీస్తే 90 డీపీఐ కూడా రాదు. కనురెప్పలు, చీర అంచులు అలుక్కుపోతాయి. అడ్డంగా తీసిన ఫొటోతో 12×8 పేజీ మొత్తం నింపాలంటే ఎత్తులో తొమ్మిదో వంతు కోతకు పోతుంది. తల మీద బోనం ఉన్న ఫొటోలకు అలా చేస్తే బోనం మీది దీపమే పోతుంది, కాబట్టి అలాంటి వాటికి తెల్ల అంచు వదిలి చిన్నగా పెట్టమనండి.

ఫొటోలు ఇచ్చేటప్పుడే సగం పని చెడుతుంది. చుట్టాల దగ్గర ఉన్నవి వాట్సాప్‌లో తెప్పించుకుంటే ఫొటోలాగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనాలి, అప్పుడు అసలు సైజులో వస్తాయి. వాట్సాప్ ఫైలు పేరులో ఉండే తేదీ ఫొటో తీసిన తేదీ కాదు, పంపిన తేదీ. సద్దుల బతుకమ్మ ఫొటో దీపావళి నెలలో చేరేది ఇందువల్లే. ఐఫోన్ ఫొటోలు హైక్ (HEIC) ఫైళ్లుగా ఉంటే పాత సిస్టమ్‌లలో తెరుచుకోవు, జేపెగ్‌లోకి మార్చి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. వీడియోలోంచి తీసిన స్క్రీన్‌షాట్ సుమారు 2 మెగాపిక్సెళ్లే. అడుగులు వేస్తున్న పాప కాలు దాంట్లో ఎలాగూ చెదిరే ఉంటుంది. వేరే ఫొటో లేనప్పుడు చిన్న సైజులో వాడుకోవచ్చు.

15 షీట్లు, అంటే 30 పేజీలు, ఒక ఇంటి ఏడాదికి చాలు. పేజీకి రెండు మూడు ఫొటోల చొప్పున 80 దాకా పడతాయి. నెలకో ఫోల్డర్ చేసి ఒక్కోదాంట్లో ఆరేడుకు మించకుండా ఏరి ఇవ్వండి. ఏరకుండా ఐదు వందలు ఇస్తే డిజైనర్ పేజీకి పన్నెండు ఇరికిస్తాడు. జనవరితో కాకుండా ఉగాదితో మొదలుపెట్టి మళ్లీ ఉగాదికి ముగిస్తే మన పండగలు, బడి, పంట అన్నీ వరుసలో కూర్చుంటాయి. మేడారం జాతర రెండేళ్లకోసారి. అది వచ్చిన ఏడు నిలువెత్తు బెల్లం తూచిన ఫొటోకు ఒక పేజీ ముందే పక్కన పెట్టుకోండి.

రంగుల విషయంలో బతుకమ్మే అసలు పరీక్ష. బంతిపూల నారింజ, తంగేడు పసుపు ఫోన్ తెర మీద వెలిగిపోతాయి. తెర వెలుతురు చిమ్ముతుంది, పేపరు చిమ్మదు. పైగా ఫోన్ చూపించే కొన్ని గాఢమైన రంగులను ల్యాబు ప్రింటర్ అందుకోలేదు. అందుకని రేకుల మధ్య గీతలు పోయి, పువ్వు ఒక నారింజ మరకలా వస్తుంది. ప్రింటుకు ముందు ఆ ఫొటోల్లో రంగు గాఢత కొంచెం తగ్గించి, వెలుతురు కొంచెం పెంచమని చెప్పాలి. పద్మాక్షి గుట్ట దగ్గర పొద్దుగూకాక తీసినవి మరీ చీకటిగా వస్తాయి. ఒక బతుకమ్మ ఫొటో, ఒక చీకటి ఫొటో తీసుకుని 4×6 ప్రింట్లు వేయించి పగటి వెలుతురులో చూశాకే మొత్తం ఆర్డర్‌కు ఒప్పుకోండి. చిన్న ఖర్చుతో పెద్ద నష్టం తప్పుతుంది.

డిజైన్ దగ్గర గట్టిగా మాట్లాడాలి. అడగకపోతే పెళ్లి టెంప్లేట్లే వేస్తారు: గులాబీలు, హృదయాలు, వెనక మసకగా అదే ఫొటో మళ్లీ. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ చాలని మొదటే చెప్పండి. ఇంకో మాట: ముఖాలు నున్నగా, తెల్లగా చేయొద్దని రాసి ఇవ్వండి. నాయనమ్మ నుదుటి ముడతలు, చేతి మీది పచ్చబొట్టు, ఎండలో మాడిన బాపు మెడ, ఇవి ఉంటేనే ఆ ఫొటో వాళ్లది. నన్నడిగితే మొత్తం ఆల్బమ్‌లో రాజీ పడకూడనిది ఇదొక్కటే.

ఫొటో కింద తెలుగులో రాయించుకుంటే వత్తులు చూసుకోవాలి. మీరు ఫోన్‌లో టైప్ చేసి పంపేది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి. డిజైనర్లు చాలామంది యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో పని చేస్తారు. మీ వాక్యాన్ని తెచ్చి పాత ఫొటోషాప్‌లో అతికిస్తే అక్షరం పక్కన వత్తు విడిపోయి పడుతుంది. ‘అన్నప్రాశన’లో ‘న్న’, ‘ప్రా’ రెండూ చెడతాయి. కొత్త ఫొటోషాప్‌లో దక్షిణాసియా భాషల సెట్టింగ్ పెడితే సరిపోతుంది, లేదా అనులో మళ్లీ టైప్ చేయాలి. రెండో పద్ధతిలో పేర్లు తప్పు పడే అవకాశం ఎక్కువ. ప్రింటుకు ముందు చూసుకోమని పంపే నమూనా, అంటే ప్రూఫ్ వచ్చినప్పుడు ఫొటోలకన్నా ముందు అక్షరాలు చదవండి.

మధ్య మడత సంగతి కూడా ప్రూఫ్‌లోనే తేల్చుకోవాలి. రెండు పేజీల మీద పరిచిన గ్రూప్ ఫొటోలో మనుషులు సరి సంఖ్యలో ఉంటే మడత ఇద్దరి మధ్యగా పోతుంది. బేసి అయితే మధ్యలో ఉన్నవాళ్ల ముఖం మీదే పడుతుంది, అక్కడ సాధారణంగా తాతనే కూర్చోబెడతారు. ఫొటోను ఒక అంగుళం పక్కకు జరిపితే చాలు. చుట్టూ అంచులు కోసేస్తారు కాబట్టి రాతలు అంచుకు అర అంగుళం లోపలే ఉండాలి.

పేపర్లలో మెరిసే గ్లాసీ మీద వేలిముద్రలు పడతాయి, ట్యూబ్‌లైటు కింద చూడటం కష్టం. పిల్లలున్న ఇంటికి చిరగని పేపరు, దాని మీద మ్యాట్ లామినేషన్ సరైనది. పసుపు, కుంకుమ చేతులతో తిప్పినా పొడిబట్టతో తుడిస్తే పోతుంది. లామినేషన్ లేని గ్లాసీ పేజీలు వానాకాలం తేమకు ఒకదానికొకటి అంటుకుంటాయి, లాగితే ముఖం మీది పొర లేస్తుంది. ఆల్బమ్ చేతికి రాగానే ప్రతి షీటు మూలనూ గోటితో మెల్లగా తాకి చూడండి. వెనుకా ముందూ అతికించిన షీట్లలో జిగురు సరిగా పట్టకపోతే మొదట లేచేది మూలే, అక్కడికక్కడే వెనక్కి ఇవ్వాలి. ఇంట్లో దాన్ని పడుకోబెట్టే ఉంచండి, నిలబెడితే బరువుకు వీపు దగ్గర జారుతుంది.

రేటు అడిగేటప్పుడు షీటు ధర, డిజైన్, లామినేషన్, అట్ట, పెట్టె వేటికవి విడిగా చెప్పించుకోండి. షీటు ధర తక్కువ చెప్పి పెట్టె దగ్గర రాబట్టుకోవడం మామూలే. ప్రింటుకు పంపిన పేజీల జేపెగ్‌లు మీకివ్వాలని అప్పుడే మాట తీసుకోండి. అత్తగారింట్లో ఉన్న బిడ్డకూ ఒక కాపీ కావాలంటే మొదటి ఆర్డర్‌తోనే చెప్పండి. డిజైన్ ఖర్చు రెండోసారి పడదు, రెండు కాపీల రంగులూ ఒక్కలా వస్తాయి. ఉగాది అయిన వెంటనే ఇస్తే పెళ్లిళ్ల ఆల్బమ్‌ల కింద పడి ఆలస్యమవుతుంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, ల్యాబులు ఖాళీగా ఉంటాయి, డిజైనర్ పక్కన కూర్చుని పేజీ పేజీ సరిచేయించుకోవచ్చు.