కొత్తగా రాసేవాళ్లకి ఏది మేలు: ఎవరిలాగో రాయడమా, పేపర్లోలా రాయడమా, మాట్లాడినట్టు రాయడమా?

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "రాయాలనుందండీ, కానీ నాకంటూ ఒక శైలి లేదు. ఎలా వస్తుంది?" అడిగేవాళ్లలో మా విశాఖ ఋషికొండ ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలున్నారు. స్టీల్‌ప్లాంటులో రిటైరై కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్న పెద్దాయన ఉన్నారు. మద్దిలపాలెంలో ఏదో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే అమ్మాయి ఉంది. రాసినవి వాట్సాప్‌లో పంపి చదవమంటారు. అవి చాలావరకు మూడు రకాలు. తమకిష్టమైన రచయితలా రాసినవి, పేపరు వార్తలా రాసినవి, నోటితో చెప్పినట్టు రాసినవి. మూడో రకం తక్కువ. పైగా వాటిని పంపేటప్పుడు "ఏదో ఊరికే రాశానండీ, ఏమనుకోకండి" అని ముందే సర్దిచెప్పుకుంటారు. మొదటి రెండు రకాలు పంపేవాళ్లకి ఆ మొహమాటం ఉండదు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఒకే సంగతి మూడు తీర్లలో ఉండాలి. అలాంటిది మా మేనకోడలి దగ్గర దొరికింది. తనని అడిగే ఇక్కడ పెడుతున్నాను. హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు తను స్కూల్లో చదువుకుంటోంది. దాని గురించి రాద్దామని కూర్చుని ఇలా మొదలుపెట్టింది:

"ఆ రాత్రి సముద్రం గాయపడ్డ మృగంలా రోదించింది. చెట్ల కన్నీళ్లు నగరం చెంపల మీద జారిపడ్డాయి. చీకటి నా గుండెల్లో గూడు కట్టుకుంది."

ఎవరో బాగోలేదంటే మార్చింది:

"2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ పెను తుపాను ధాటికి నగరం అతలాకుతలమైంది. విద్యుత్ సరఫరా నిలిచిపోయి ప్రజలు తీవ్ర ఇబ్బందులు ఎదుర్కోవడం జరిగింది."

రెండూ నాకు పంపింది. ఫోన్ చేసి, "ఇవన్నీ సరేగానీ, మీ ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందే?" అని అడిగాను. చెప్పింది. అదే రాసి పంపమన్నాను:

"నాన్న డైనింగ్ టేబుల్ తీసుకెళ్లి గుమ్మానికి అడ్డం పెట్టీసి దాని మీద కూర్చున్నాడు. అమ్మ ముందురోజే బకెట్లూ బిందెలూ ఆఖరికి కుక్కర్లు కూడా నింపీసింది. మధ్యాహ్నం ఒక్కసారిగా గాలి ఆగిపోయింది. అయిపోయిందనుకుని నాన్న మేడ మీదకెళ్లి ట్యాంకు మూత ఎక్కడ పడిందా అని వెతుకుతున్నాడు. ఈలోపు మళ్లీ మొదలైంది, ఈసారి అటువైపు నుంచి. నాన్న దిగలేక మెట్ల మీదే కూర్చుండిపోయాడు. అమ్మ కిందనుంచి తిడుతోంది. గాలికి ఒక్క తిట్టూ వినపడలేదు."

(మా తమ్ముడు ఇప్పటికీ ఒప్పుకోడు. దిగలేక కాదు, ట్యాంకు కాపలా కాశానంటాడు.)

ఇప్పుడు మొదటిదాన్ని మళ్లీ చూడండి. "ఆ రాత్రి" అని ఉంది. హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటింది పట్టపగలు, మిట్టమధ్యాహ్నం వేళ. ఆ సంగతి తనకి తెలియక కాదు, ఆ రోజంతా కిటికీ సందులోంచి చూస్తూ కూర్చున్న పిల్ల. మరి రాత్రి ఎక్కడనుంచి వచ్చింది? అలాంటి వాక్యాలకి రాత్రి కావాలి కాబట్టి వచ్చింది. సముద్రమూ అంతే. వాళ్లిల్లు గోపాలపట్నంలో. ఆ రోజు వాళ్లెవరూ సముద్రాన్ని చూసిందీ లేదు, విన్నదీ లేదు.

మూడోదాంట్లో మధ్యలో గాలి ఆగిందని రాసింది చూశారా, అది తుపాను కన్ను. అది ఊరి మీదుగా పోతున్నంతసేపూ గాలి ఉండదు, దాటాక ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. తనకి ఆ శాస్త్రమేమీ తెలీదు. చూసింది చూసినట్టు రాస్తే అది దానంతటదే సరిగ్గా వచ్చింది.

నా మటుకు నాకు, ఏది మేలో తేల్చేది ఇదే. ఏ తీరులో రాస్తే మన అబద్ధం, మన ఖాళీ వాక్యం మనకే దొరికిపోతుంది? అరువు శైలిలో దొరకదు. "చీకటి గుండెల్లో గూడు కట్టుకుంది" అన్న వాక్యంలో ఏమీ లేదని రాసినవాళ్లకి తెలియదు, ఎందుకంటే వినడానికి బాగుంటుంది. అదే మాట ఫోన్‌లో మీ పిన్నికి చెప్పి చూడండి. "ఏటే, ఒంట్లో బాగోలేదా?" అంటుంది. మాట్లాడే తెలుగులో ఖాళీ మాట వెంటనే ఎబ్బెట్టుగా వినపడుతుంది. కొత్తగా రాసేవాళ్లకి పక్కన ఎడిటరు ఉండడు. తప్పు పట్టేవాడు లోపలే ఉండాలంటే ఇంతకన్నా తేలిక దారి నాకు కనపడలేదు.

అలాగని అనుకరణని తీసిపారేయను. ఇదే ఊళ్లో పుట్టిన శ్రీశ్రీ తొలి పుస్తకం ‘ప్రభవ’ 1928లో వచ్చింది, పాత పద్యాల బాణీలో. ‘మహాప్రస్థానం’ గీతాలు ఆ తర్వాతి దశాబ్దంలో రాసినవి. పాత బాణీలో చెయ్యి తిరగడం వల్ల ఆయనకి నష్టమేమీ జరగలేదు. ఇష్టమైన రచయిత పేజీ ఒకటి చేత్తో ఎత్తిరాస్తే, పొడుగాటి వాక్యం తెగకుండా ఎలా నిలబడిందో, సంభాషణ మధ్యలో "అన్నాడు", "అంది" ఎక్కడ పడ్డాయో చదివినప్పటికన్నా బాగా తెలుస్తుంది. నోటుపుస్తకంలో చేసుకోవాల్సిన పని అది. దాన్నే తీసుకెళ్లి నలుగురి ముందు పెట్టినప్పుడే చిక్కు. మన ఊళ్లో కథలు రాయాలనుకునేవాళ్లలో చాలామందికి రావిశాస్త్రి అంటే ప్రాణం. ఆయన లాయరు. విశాఖ కోర్టుల చుట్టూ తిరిగే మనుషుల్ని కథల్లోకి తెచ్చారు. ఆయనలా రాద్దామనుకున్నవాళ్లకి ఉపమానాల వరస చిక్కుతుంది. ఆ సాక్షులూ ఆ గుమాస్తాలూ ఎలా మాట్లాడతారో అన్నేళ్లు చెవిన వేసుకున్న సంగతి చిక్కదు. ఇక ఫేస్‌బుక్కు నుంచి పట్టుకొచ్చే అనుకరణ ఒకటుంది. లైనుకో మాట రాసి ఎంటర్ కొట్టడం, వాక్యం చివర మూడు చుక్కలు పెట్టి వదిలేయడం. దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పేపరు తెలుగుకి ఒక మంచి గుణముంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఎగ్గొట్టనివ్వదు. మా మేనకోడలి రెండో రాతలో కనీసం తేదీ ఉంది, అబద్ధం లేదు. కానీ అందులో హుద్‌హుద్ తీసి తిత్లీ అని పెట్టి, విశాఖ తీసి పలాస అని మార్చి, తేదీ సరిచేస్తే చాలు, ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు. ఆ రోజు అక్కడ లేనివాళ్లు కూడా రాయగలరు.

స్టీల్‌ప్లాంటు పెద్దాయనది ఇదే ఇబ్బంది. సర్వీసంతా ఆఫీసు నోట్లు రాసిన చెయ్యి. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ గురించి, అదే ‘గోదావరి’ గురించి, "ఉత్పత్తి ప్రక్రియ విజయవంతంగా ప్రారంభించబడినది" అని రాసి పంపారు. ఆయనే ఒకరోజు టీ తాగుతూ అన్నమాట వేరు. "మెటల్ వదిలినప్పుడు ఆ ఎర్రటి వెలుగులో అందరి మొహాలూ ఒకేలా కనపడేవమ్మా. ఆఫీసరెవడో ఖలాసీ ఎవడో తెలిసేది కాదు." ఇది ఎందుకు రాయలేదని అడిగితే, "ఇదీ రాసేదేనా?" అని నవ్వేశారు. ‘బడినది’ అన్నప్పుడల్లా చేసిన మనిషి వాక్యంలోంచి మాయమవుతాడు. ఆఫీసు కాగితానికి అదే కావాలి, ఎవరి మీదా నేరం పడకూడదు కదా. ఆయన రాయాలనుకున్నదేమో ఆ మనుషుల గురించే.

కాబట్టి నా ఓటు మాట్లాడినట్టు రాయడానికే. దీనికీ కష్టాలున్నాయి, దాచను. మాట్లాడినట్టు రాయడమంటే ఫోన్‌లో రికార్డు చేసి దించీడం కాదు. మాట్లాడేటప్పుడు చెప్పిందే చెప్తాం, "అదే", "మరి", "అంటే" అని నానుస్తాం, వినేవాళ్ల మొహం చూసి దారి మారుస్తాం. ఎవరి గురించి చెప్తున్నామో ఎదుటివాళ్లకి ముందే తెలిసుంటుంది. కాగితం మీద అవేవీ ఉండవు. మా మేనకోడలు ఫోన్‌లో చెప్పింది దీనికి నాలుగింతలుంది. ట్యాంకు మూత దగ్గరనుంచి పక్కింటివాళ్ల కొబ్బరిచెట్టు మీదకి, అక్కడనుంచి ఆ పక్కింటివాళ్లతో ఉన్న పాత గొడవ మీదకి వెళ్లిపోయింది. అవన్నీ తనే కొట్టేసింది. ముందు నోటికొచ్చినట్టు రాసీడం, మర్నాడు పైకి చదువుతూ కోసీడం. రెండో పని చెయ్యనివాళ్లకి ఈ దారి పనికిరాదు. వాళ్లు పేపరు తెలుగులో రాసుకుంటేనే నయం, కనీసం చిన్నదిగా ఉంటుంది.

సహజంగా వినపడే తెలుగు తేలిగ్గా రాదనడానికి గురజాడని మించిన సాక్ష్యం లేదు. ఆయన మొదట్లో ఇంగ్లీషులో కవిత్వం రాశారు. కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ అది మెచ్చుకుంటూనే, ఎంత రాసినా అది పరాయి భాషే కదా, మీ తెలుగులో రాయండని సలహా ఇచ్చారు. తర్వాత వచ్చిన ‘కన్యాశుల్కం’ 1892లో నాటకంగా ఆడారు, 1897లో అచ్చయింది. ఆయన అంతటితో ఊరుకోలేదు. 1909లో దాదాపు కొత్త నాటకమే అనిపించేంతగా తిరగరాశారు. ఇప్పుడు మనం చదివేదీ, మాటలు అప్పజెప్పేదీ ఆ రెండోదే. విజయనగరం వీధుల్లో వినపడే మాట కాగితం మీద అలాగే వినపడటానికి అంత పని పట్టింది.

యాస సంగతి. కోచింగ్ సెంటర్ అమ్మాయిది శ్రీకాకుళం వైపు. హాస్టల్లో తన మాటకి నవ్వారట, అప్పటినుంచి ఆచితూచి మాట్లాడటం అలవాటైంది. రాతలో కూడా అదే జాగ్రత్త, ప్రతి వాక్యం ఇస్త్రీ చేసినట్టుంటుంది. సినిమాల్లో మన యాస ఎక్కువగా కామెడీ పాత్రలకే ఇవ్వడం చూసి పెరిగినవాళ్లకి ఈ భయం రాక ఏమవుతుంది. దీనికి అటు చివర ఇంకొకరుంటారు, వాక్యానికో "ఏటి", పేరాకో "గుంటడు" తాలింపులా పైన చల్లేవాళ్లు. ఇంట్లో అలా మాట్లాడరు, రాతలోనే అంత యాస. నాకు రెండూ ఒకలాంటివే అనిపిస్తాయి, ఇద్దరూ వినేవాళ్ల కోసం గొంతు మార్చుకుంటున్నారు. క్రియలు మామూలు తెలుగులో ఉన్నా ఫర్వాలేదు. మాటల వరస, తిట్టే తీరు, ఎక్కడ ఆగుతారన్నది, ఏ చేపని ఏ పేరుతో పిలుస్తారన్నది మీదై ఉంటే చాలు. నెత్తళ్లని నెత్తళ్లనే రాయండి, "చిన్న చేపలు" అనొద్దు.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. రాత నేర్పే ఆన్‌లైన్ కోర్సులు: డబ్బులుండి, ఎవరైనా వెనకుంటేగానీ కూర్చోలేనివాళ్లకి పనికొస్తాయి. ఏఐతో రాయించుకోవడం: నేను చూసినంతలో అది మొదటి రెండు తీర్లనీ కలిపి ఇస్తుంది. అక్షరదోషాలు చూడమనండి, అంతవరకే.

"విశాఖ మాటలు హైదరాబాదులో అర్థమవుతాయా?" అని కూడా అడుగుతారు. తెలంగాణ కథలూ సీమ కథలూ మనం చదవడం లేదా? తెలియని మాట ఒకటి తగిలినా పక్క వాక్యం చెప్పేస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ‘పెట్టీసి’ అని రాస్తారో ‘పెట్టేసి’ అని రాస్తారో మీ ఇష్టం, ఒక రచనలో ఒకటే ఉంచండి. ఫోన్ కీబోర్డు ‘పెట్టీసి’ని ఒప్పుకోదు, దిద్దబోతుంది. మీరు వెనక్కి మారుస్తూ ఉంటే కొన్నాళ్లకి అదే అలవాటు పడుతుంది.