పాలకొల్లు బూరుగు దూది కొట్టు: దిండ్లకి వెళ్ళండి, పరుపుకి ఆలోచించుకోండి

పాలకొల్లులో పెద్ద గోపురం వెనక సందుల్లో ఒక దూది కొట్టుంది. బోర్డు లేదు, గుమ్మానికి చారల గుడ్డ తానులు వేలాడుతుంటాయి, అదే గుర్తు. మా చెల్లి సారెలోకి పరుపు, దిండ్లు కావాలని అమ్మా నేనూ వెళ్ళాం. ముందే చెప్పేస్తున్నా, దిండ్లకైతే కళ్ళు మూసుకుని వెళ్ళిపోవచ్చు, డబుల్ కాట్ పరుపు మొత్తం బూరుగు దూదితోనే కావాలంటే మాత్రం ఆ కొట్టాయనే వద్దంటారు. తన సరుకు తానే వద్దనే వ్యాపారి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు, అందుకే ఇంత రాస్తున్నా.

ఆన్‌లైన్‌లో ‘అచ్చమైన సిల్క్ కాటన్’ (బూరుగు దూదికే ఇంగ్లీషు పేరు) అని చూసి తెప్పించిన దిండొకటి ఇంట్లో ఉంటే అది కూడా పట్టుకెళ్ళాను. ఆయన దాని మూల కుట్టు విప్పి చిటికెడు లాగి బకెట్ నీళ్ళలో వేశారు, పక్కనే తన గోతంలోంచి ఇంకో చిటికెడు. మా దిండులోది చూస్తుండగానే తడిసి బరువెక్కి అడుక్కి దిగిపోయింది. ఆయనది వేలితో ముంచినా టక్కున పైకి లేచింది, తీసి విదిలిస్తే పొడిగానే ఉంది. “ఇది బ్లీచింగ్ కొట్టిన పత్తండి, మిల్లు వేస్టు. బూరుగు ఇందులో వాసనకి కూడా లేదండి, ఆయ్” అన్నారు. అమ్మ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆ తేలడం వెనక సంగతేంటంటే, బూరుగు పోగు లోపలంతా బోలు, గాలి నిండిన సన్నటి గొట్టం, పైన మైనం లాంటి పూత. అందుకే నీళ్ళు లోపలికి పోవు. తన బరువుకి ముప్పై రెట్ల బరువుని కూడా నీళ్ళ మీద మోయగలదని లెక్క. ఫోమ్ రాకముందు ఓడల్లో లైఫ్ జాకెట్లు దీంతోనే నింపేవారు. అప్పట్లో ఎక్కువ సరుకు జావా నుంచి వచ్చేది, 1942లో జపాన్ వాళ్ళు జావాని పట్టుకోవడంతో అమెరికాకి ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు అమెరికా వాళ్ళు మన జిల్లేడు చుట్టమైన మిల్క్‌వీడ్ కాయల మీద పడ్డారు. 1944లో బడి పిల్లల చేత సంచులకి సంచులు ఏరించారు, రెండు సంచుల కాయలతో ఒక ప్రాణం నిలబడుతుందని ప్రచారం చేసి మరీ. మనకేమో జిల్లేడు దూది దీపం వత్తులకి తప్ప గుర్తు రాదు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కినప్పుడు కనిపించే నారింజ రంగు జాకెట్లలో ఇప్పుడున్నది ఫోమే లెండి.

మరి పరుపుకి ఎందుకు వద్దంటారు? పోగు పొట్టిగా, నున్నగా, పెళుసుగా ఉంటుంది. పత్తిలాగా ఒకదాన్నొకటి పట్టుకోదు. మనిషి బరువు రోజూ ఒకేచోట పడితే నలిగి పొడైపోతుంది, నడుం దగ్గర గుంట పడుతుంది. పత్తి పరుపైతే నాలుగేళ్ళకోసారి విప్పి ఏకించి మళ్ళీ కుట్టించుకోవచ్చు, దీన్ని ఏకుడు మిషన్‌లో వేస్తే పిండే మిగులుతుంది. అందుకని కింద కొబ్బరి పీచు పరుపు వేసుకుని, పైన పల్చగా బూరుగు బొంత కుట్టించుకోమన్నారు. పీచుకి మన కోనసీమలో కరువా! మేం అలాగే చేశాం, ఖర్చూ తగ్గింది.

నింపేటప్పుడు మాత్రం దగ్గరుండి చూడండి. ఆ గదిలో ఫ్యాన్ వెయ్యరు, వేస్తే దూదంతా గాల్లోకి లేస్తుంది. కుర్రాడు ముక్కుకి తువ్వాలు కట్టుకుని, దిండు గుడ్డ నోట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ముందు నాలుగు మూలలూ కూరి, తర్వాత మధ్యలో నింపుతాడు. సన్న బెత్తంతో రెండు వైపులా తట్టి సర్ది, అప్పుడు దబ్బనంతో మూతి కుడతాడు. దిండుకి కిలో పడుతుంది, కిలో 350 చొప్పున తీసుకున్నారు, గుడ్డా కూలీ వేరే. సరుకు తమిళనాడులో తేని వైపు నుంచి వస్తుందట. గోతంలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి చూశాను, నల్ల గింజలు ఒకటీ అరా ఉన్నాయి గానీ ఆ మాత్రం ఏ దూదిలోనైనా ఉంటాయి.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజుకి ఇవ్వరు, ముహూర్తం దగ్గర పడుతుంటే మాకు టెన్షనే. ఒక దిండు మూల కుట్టు వదులై నూగు బయటికొచ్చింది, తీసుకెళ్తే డబ్బులడక్కుండా మళ్ళీ కుట్టారనుకోండి, కానీ పెళ్ళివారింట్లో అది ఊడుంటే మా పరువేం కాను?

కొన్నాక జాగ్రత్తలు మీవే. ఈ దూది నీళ్ళని ఎంత దూరం పెడుతుందో నూనెని అంత ఇష్టంగా పీలుస్తుంది, నీటి మీద ఒలికిన చమురు తియ్యడానికి పనికొచ్చేది కూడా ఆ గుణం వల్లే. మనవేమో కొబ్బరి నూనె తలలు. గలీబు రెండు పొరలు వెయ్యకపోతే మధ్యలో ముద్ద కడుతుంది. ఉతకకూడదు, ముసురు తగ్గాక ఎండలో పెట్టి చేత్తో దులిపితే చాలు. దోమల కాయిల్, అగరొత్తి దరిదాపుల్లో ఉంచొద్దు, నిప్పురవ్వ పడితే క్షణంలో అంటుకుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు నింపే గది గడప దాటకండి, బయట బెంచీ ఉంది.

వేసవిలో కాయలు పగిలాక కొత్త సరుకు దిగుతుంది, పెళ్ళిళ్ళ రద్దీ కూడా అప్పుడే. సారె కోసమైతే నెల ముందే చెప్పి సగం అడ్వాన్స్ ఇచ్చి రండి. బిల్లు ఇవ్వరు, ఫోన్‌పే తీసుకుంటారు.