3.6 మర్చిపోయిన వారం: ఏడాదిన్నరగా మోటెక్ ఐ2 వాడాక

అసెట్టో కోర్సా కాంపిటిజియోనే అనే కార్ల రేసింగ్ గేమ్ ఆడేవాళ్లకి, కారు సర్దుబాట్లు చేసుకునే సెటప్ పేజీ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఆట మన ల్యాపుల్లో వేగం, స్టీరింగ్ లాంటి అంకెల్ని (టెలిమెట్రీని) మోటెక్ ఫైళ్లుగా దాచిపెడుతుందని, వాటిని తెరిచి గ్రాఫులుగా చూపించే ఐ2 ప్రో సాఫ్ట్‌వేర్ ఉచితమని కూడా చాలామందికి తెలుసు. నేను దాన్ని ఇంతకాలం వదలకపోవడానికి కారణం ఒకే ఒక్క గీత: అండర్‌స్టీర్ కోణం, అంటే స్టీరింగ్ తిప్పినంతగా కారు తిరగకపోవడానికి కొలత. అది ఫైల్లో రెడీగా ఉండదు. మ్యాథ్ ఛానల్‌గా, అంటే ఉన్న అంకెల నుంచి లెక్కగట్టే గీతగా, మనమే రాసుకోవాలి.

లెక్క చిన్నదే. స్టీరింగ్ కోణాన్ని స్టీరింగ్ రేషియోతో (ముందు చక్రాలు ఒక డిగ్రీ తిరగడానికి స్టీరింగ్ ఎన్ని డిగ్రీలు తిప్పాలో ఆ అంకెతో) భాగిస్తే ముందు చక్రాలు ఎంత తిరిగాయో వస్తుంది. వీల్‌బేస్‌ని (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరాన్ని) యా రేటుతో (కారు ముక్కు సెకనుకి ఎంత తిరుగుతోందో దానితో) గుణించి కారు వేగంతో భాగిస్తే, టైర్లు జారకుండా ఉంటే ఎంత తిప్పితే సరిపోయేదో వస్తుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాలి. మిగిలింది ఎంత పెరిగితే కారు ముక్కు అంతగా బయటికి పోతున్నట్టు. "ఈ కారు ఎందుకో తిరగట్లేదు" అని గొణుక్కునే నాలాంటివాడికి ఆ గొణుగుడు డిగ్రీల్లో కనిపించడం ఎంత హాయో!

ఆ హాయి మొదటి వారం నన్ను నిలువునా ముంచింది. బార్సిలోనాలో ఫెరారీ 488 జీటీ3 నడుపుతున్నాను. గీత చూస్తే మెల్లగా తిరిగే మలుపులన్నింట్లో ఘోరమైన అండర్‌స్టీర్. మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే ముందు యాంటీ రోల్ బార్‌ని రెండు క్లిక్కులు మెత్తబరిచాను. గీత పెద్దగా తగ్గలేదు. ఇంకా మెత్తబరిచాను. అదీ చాలక వెనక బార్ బిగించాను. గీత మాత్రం మొండిగా అక్కడే ఉంది. ఈలోగా తొమ్మిదో మలుపులో, అంటే ఎత్తు ఎక్కుతూ అవతలేముందో కనపడకుండానే తిరిగే కాంప్సాలో, కారు వెనక భాగం వరసగా నాలుగు రాత్రులు నన్ను దాటి ముందుకొచ్చింది. అండర్‌స్టీర్ ఉన్న కారు గిర్రున తిరిగిపోవడమేంటన్న అనుమానం అప్పటికీ రాలేదు. తప్పు చక్రాలదే అనుకున్నాను, డెస్కుకి బిగించిన నా స్టీరింగ్ క్లాంపుదే అని కూడా అనుకున్నాను.

శనివారం పొద్దున టీ తాగుతూ ఫార్ములా మళ్లీ చూస్తే విషయం బయటపడింది. నా ఛానల్లో వేగం గంటకి కిలోమీటర్లలో ఉంది. లెక్కకి కావాల్సింది సెకనుకి మీటర్లు. 3.6తో భాగించడం మర్చిపోయాను. దాంతో తీసేయాల్సిన భాగం మూడున్నర రెట్లకు పైగా చిన్నదైపోయింది. మలుపు ఎంత బిగువుగా ఉంటే లేని అండర్‌స్టీర్ అంత ఎక్కువగా కనిపించింది. సరిచేశాక మెల్లని మలుపుల్లో కారు బుద్ధిగానే ఉంది. బార్లన్నీ వెనక్కి తిప్పేశాను.

నిజమైన సమస్య పొడవాటి మూడో మలుపులో దొరికింది. అక్కడ స్టీరింగ్ కోణాన్ని మలుపులో పక్కకి లాగే బలంతో (జీతో) కలిపి గీస్తే, ఒక హద్దు దాటాక నేను చక్రం తిప్పుతూనే ఉన్నాను, జీ మాత్రం పెరగట్లేదు. టైరు ఇవ్వగలిగినంతా ఇచ్చేసింది, మిగతాది నా చేతుల కంగారు. సస్పెన్షన్ ముట్టుకోకుండా, చేయి కొంచెం వదులు చేస్తేనే ఆ మలుపు బాగుపడింది.

మొదట్లో ఈ గీత ఉంటే చాలు, ఇంకేం అక్కర్లేదని స్నేహితులకి ఊదరగొట్టాను. అంత కాదు. మూడో మలుపులా చాలాసేపు ఒకే తీరుగా తిరిగే చోటే దాన్ని నమ్మొచ్చు. చివరి షికేన్‌లో (వెంటవెంటనే అటూ ఇటూ తిరిగే మలుపుల్లో), ట్రాక్ అంచున ఉండే కెర్బుల మీద, బ్రేకు వదులుతూ లోపలికి దిగేటప్పుడు అది పిచ్చిగీతలు గీస్తుంది. సస్పెన్షన్ కుదుపుల్ని అణిచే డ్యాంపర్ల కదలికని చూపించే హిస్టోగ్రామ్‌ని కూడా తెగ పొగిడాను గానీ, దాన్ని చూసి నేను మార్చిన డ్యాంపర్ ఏదీ గుర్తులేదు. ఇంకొకటి: సెటప్‌లో టెలిమెట్రీ ల్యాపుల సంఖ్య సున్నా ఉంటే ఏమీ రికార్డు కాదు. ఎవరిదో సెటప్ తెచ్చుకుని రెండు సాయంత్రాలు ఉత్తినే తిప్పాను.

వారానికి నాలుగు గంటలు దొరికే నాకు అందులో గంటన్నర గ్రాఫులకే పోతుంది. నాకది ఇష్టం కాబట్టి సరిపోయింది. ఆదివారం రాత్రి ఒక్క రేసు ఆడి పడుకునేవాళ్లు టైర్ ప్రెషర్లు చూసుకుంటే చాలు, ఇది పెట్టుకోకపోయినా నష్టం లేదు. లీగుల్లో ఆడుతూ, లెక్కలంటే విసుగు లేనివాళ్లయితే ఒక నెల ప్రయత్నించండి. యూనిట్లు మాత్రం రెండుసార్లు చూసుకోండి.